చెప్పు విసిరిన ఇల్లాలు

సాయంత్రం ఏడు దాటాక నాచారం పారిశ్రామికవాడ నుంచి ఉప్పల్ రింగు రోడ్డు దాకా ఒకసారి వెళ్లి చూడండి. షిఫ్టు దిగినవాళ్లు బండ్ల మీద, ఆటోల్లో, నడిచీ ఇళ్లకు వెళుతుంటారు. కొందరు మాత్రం మధ్యలోనే ఆగిపోతారు. వైన్ షాపు, దాన్ని ఆనుకుని పర్మిట్ రూమ్. ఇక ఇంట్లో... కుక్కరు దించేసి, పిల్లల హోంవర్కు మీద ఒక కన్ను, గేటు మీద ఒక కన్ను వేసి కూర్చున్న ఇల్లాలు. బండి ఆగిన చప్పుడు, గేటు తీసిన తీరు చాలు ఆమెకు. ఇవాళ తాగాడా లేదా, తాగితే ఎంత తాగాడు అన్నది మనిషి మొహం చూడకుండానే చెప్పేస్తుంది. ఈ విద్య ఏ బడిలోనూ నేర్పరు!

వందేళ్ల కిందట న్యూయార్కులో ఒకావిడకు ఈ విద్య క్షుణ్ణంగా వచ్చు. పదిహేడేళ్లు ఆమె చేసింది అదే. మొగుడు మెట్లెక్కే చప్పుడు వినడం, సీసాలు వెతకడం, ఆఫీసుకు అబద్ధాలు చెప్పడం. ఆమె పేరు లోయిస్. భర్త బిల్ విల్సన్. తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే ‘ఆల్కహాలిక్స్ అనానిమస్’, అంటే ఏ.ఏ., పెట్టిన ఇద్దరిలో ఒకడు ఆ బిల్లే. అతని సంగతి చాలామందికి తెలుసు. లోయిస్ సంగతే మన ఆడవాళ్లకు తెలియాల్సింది.

లోయిస్ బర్నమ్ 1891 మార్చి 4న న్యూయార్కులోని బ్రూక్లిన్‌లో పుట్టింది. నాన్న పేరున్న డాక్టరు. ఆ ఇంటికి ఆమే పెద్దపిల్ల. మంచి చదువు, బొమ్మలు వేయడంలో శిక్షణ, వేసవి వస్తే వెర్మాంట్ కొండల్లో సరస్సు పక్కన మకాం. దేనికీ లోటు లేదు. ఆ సరస్సు దగ్గరే తమ్ముడి స్నేహితుడిగా బిల్ పరిచయమయ్యాడు. ఆమెకంటే నాలుగేళ్లకు పైగా చిన్నవాడు. చిన్నప్పుడే తల్లిదండ్రులు విడిపోతే తాతగారింట్లో పెరిగాడు. పెద్ద ఆస్తిపాస్తులేమీ లేవు. అయినా లోయిస్ అతన్నే ఇష్టపడింది. మొదటి ప్రపంచ యుద్ధానికి అతను ఎప్పుడు వెళ్లాల్సి వస్తుందో తెలియక ముహూర్తం కాస్త ముందుకు జరిపి, 1918 జనవరి 24న పెళ్లి చేసుకున్నారు.

అప్పటికే బిల్‌కి మద్యం రుచి తెలిసింది. సైన్యంలో ఉన్నప్పుడు విందుల్లో మొదలైంది. కొత్త పెళ్లికూతురు పెద్దగా పట్టించుకోలేదు. నా ప్రేమ చాలు, నేనే మార్చుకుంటాను అనుకుంది. ఈ మాట మనలో ఎంతమంది అనుకోలేదు చెప్పండి? పెళ్లి చేస్తే వాడే దారికొస్తాడని పెద్దవాళ్లూ అంటారుగా!

యుద్ధం నుంచి వచ్చాక బిల్ షేర్ మార్కెట్లో పడ్డాడు. తెలివైనవాడే. డబ్బూ బాగానే వచ్చింది. దాంతో పాటు తాగుడూ పెరిగింది. 1925లో ఇద్దరూ ఉద్యోగాలు వదిలేసి, పక్కన తొట్టి ఉన్న మోటారు సైకిలెక్కి ఊళ్లు తిరిగారు. కంపెనీల స్థితిగతులు స్వయంగా చూసి షేర్ల వ్యాపారులకు చెప్పడం బిల్ ఆలోచన. న్యూయార్కు స్నేహితులకూ సీసాకూ మొగుణ్ణి దూరంగా తీసుకుపోవాలన్నది లోయిస్ ఆలోచన. డేరా వేసుకుని పడుకున్న రోజుల్లో అతను బాగానే ఉండేవాడు. ఊరు చేరగానే మళ్లీ మామూలే.

వాళ్లకు పిల్లలు పుట్టలేదు. గర్భసంచి బయట గర్భం నిలిచి, ఒకసారి కాదు మళ్లీ మళ్లీ అలాగే జరిగి, ఇక బిడ్డలు కలగరని తేలిపోయింది. పెంచుకుందామని దరఖాస్తు పెడితే అదీ కుదరలేదు. కారణం వేరే చెప్పాలా? తాగుడు ఆ ఇంటి నుంచి తీసుకుపోయినవాటిలో ఇది అన్నిటికంటే పెద్దదని నాకనిపిస్తుంది. లోయిస్ మాత్రం దీన్ని పట్టుకుని భర్తను సాధించలేదు. ఆ ప్రేమంతా అతన్ని బాగుచేయడం మీదే పెట్టింది. భార్య కాస్తా తల్లి అయిపోయింది, నర్సు అయిపోయింది, పోలీసూ అయిపోయింది.

బిల్ ఒట్లు వేసేవాడు. ఇంట్లోని బైబిల్లో ఇక ముట్టనని రాసి సంతకం పెట్టేవాడు. ఒకసారి కాదు, చాలాసార్లు. మనదగ్గర తిరుపతి వెంకన్న మీద, పిల్లల తల మీద చేతులేసి చెబుతారే, అలా. అయ్యప్ప మాల వేసుకున్న మండలం రోజులూ చుక్క ముట్టనివాడు, మాల తీసిన సాయంత్రమే షాపు ముందుండటం మనం చూడనిదా? అంటే ఆపడం చేతకాక కాదు. ఆపినదాన్ని నిలుపుకోవడమే అసలు చిక్కు. అది అప్పట్లో బిల్‌కీ తెలియదు, లోయిస్‌కీ తెలియదు.

1929లో షేర్ మార్కెట్ కుప్పకూలింది. మొగుడూ పెళ్లాలు అప్పులతో బ్రూక్లిన్‌లోని క్లింటన్ వీధిలో లోయిస్ పుట్టింటికి చేరారు. మరుసటేడు అమ్మ పోయింది. డాక్టరుగారి అమ్మాయి మేసీస్ అనే పెద్ద దుకాణంలో కౌంటర్ వెనక నిలబడి సరుకులు అమ్మింది. వారానికి 19 డాలర్ల జీతం. ఆ పర్సులోంచి బిల్ తాగుడుకు డబ్బు దొంగిలించేవాడు. పొద్దస్తమానం నిలబడి కాళ్లు లాగుతుంటే ఇంటికొచ్చి, గుమ్మంలో పడి ఉన్న మనిషిని లోపలికి లాక్కెళ్లడం ఆమె రెండో ఉద్యోగం.

బిల్ చెల్లెలి భర్త డాక్టరు. ఆయన పూనుకుని న్యూయార్కులోని టౌన్స్ ఆసుపత్రిలో చేర్పించాడు. అక్కడ డాక్టర్ సిల్క్‌వర్త్ ఒక కొత్త మాట చెప్పారు. ఇది నీతి లేకపోవడం కాదు, మనసు గట్టిగా లేకపోవడమూ కాదు, జబ్బు అని. ఒక్క గుక్క పడితే ఒళ్లు ఇంకా కావాలంటుంది, పడకపోతే మనసు ఊరుకోదు. జబ్బని తెలిసినా బిల్ మళ్లీ తాగాడు. ఇక మతి పోవడమో ప్రాణం పోవడమో తప్పదని 1934లో ఆ డాక్టరే లోయిస్‌కు చెప్పాల్సి వచ్చింది.

ఆ ఏడాది నవంబరులో బిల్ పాత తాగుడు మిత్రుడొకడు ఇంటికొచ్చాడు. మందు ఇస్తే వద్దన్నాడు! ఆక్స్‌ఫర్డ్ గ్రూప్ అనే ఒక ధార్మిక బృందంలో చేరి మానేశానన్నాడు. వైద్యులూ ఇల్లాలూ ఎంత చెప్పినా ఎక్కనిది, తనలాగే తాగి చెడినవాడు చెబితే బిల్ చెవికెక్కింది. డిసెంబరులో మళ్లీ ఆసుపత్రిలో చేరాడు. ఆ తర్వాత చచ్చేదాకా ముట్టలేదు. మరుసటేడు వ్యాపారం పని మీద ఒహాయో రాష్ట్రంలోని ఏక్రన్ ఊరికి వెళ్లినప్పుడు మళ్లీ మనసు లాగింది. సీసా వెతుక్కోకుండా మరో తాగుబోతును వెతుక్కున్నాడు. అలా దొరికినవాడు డాక్టర్ బాబ్ స్మిత్. 1935 జూన్ 10న డాక్టర్ బాబ్ ఆఖరి చుక్క తాగాడు. ఆ తేదీనే ఏ.ఏ. పుట్టినరోజుగా జరుపుకొంటారు.

ఇక లోయిస్ సుఖపడి ఉంటుందని మనం అనుకుంటాం. కథ అడ్డం తిరిగింది ఇక్కడే.

మొగుడు తాగడం లేదు. కానీ ఇంట్లో ఉండటమూ లేదు. ఎప్పుడు చూసినా మీటింగులు, లేదంటే ఎవరో ఒక తాగుబోతును వెంటబెట్టుకుని రావడం. క్లింటన్ వీధి ఇల్లు సత్రమైపోయింది. వచ్చినవాళ్లు నెలల తరబడి తిని పడుకునేవాళ్లు, పైసా ఇచ్చేవాళ్లు కాదు. అందులో ఒకతను ఆ ఇంట్లోనే ప్రాణం తీసుకున్నాడు కూడా. లోయిస్ పగలు ఉద్యోగం చేసి, రాత్రి వాళ్లందరికీ వండిపెట్టేది.

ఒకరోజు బిల్ మామూలుగానే, మీటింగుకు ఆలస్యమవుతోంది త్వరగా తెములు అన్నాడు. అంతే! ఏం ముంచుకొచ్చిందో ఏమో, లోయిస్ చేతిలో ఉన్న చెప్పు (బూటే అనుకోండి) తీసి అతని మీదికి విసిరేసింది. నీ మీటింగులూ నువ్వూ పొండి అన్నట్టు అరిచింది.

తాగి వచ్చి పడిపోయిన రోజుల్లో విసరని చెప్పు, బుద్ధిగా ఉన్నప్పుడు ఎందుకు విసిరింది? ఆ ప్రశ్న ఎవరూ ఆమెను అడగలేదు, ఆమే వేసుకుంది. కూర్చుని ఆలోచించింది. పదిహేడేళ్లు తాను ప్రాణం పెట్టి చేయలేని పనిని ఎవరో పరాయివాళ్లు చేసిపెట్టారు. ఆ కడుపుమంట లోపలే ఉండిపోయింది. ఇన్నాళ్లూ తన రోజంతా అతని తాగుడు చుట్టూ తిరిగింది. అది లేకపోయేసరికి ఏం చేయాలో తోచడం లేదు. జబ్బు బిల్‌కి ఒక్కడికే కాదు, తనకూ అంటుకుందని ఆమెకు అర్థమైంది. మీటింగు తనకూ కావాలి. మొగుడి కోసం కాదు, తన కోసం.

ఇది ఒప్పుకోవడం తేలిక కాదండీ. తాగేది ఆయన, నాకెందుకు మందు అంటాం. చేయని తప్పుకు శిక్షలా అనిపిస్తుంది. లోయిస్ చెప్పుకొన్నది తన తప్పు గురించి కాదు, తన అలసట గురించి.

ఏ.ఏ. మీటింగులు జరిగే ఇళ్లలో మగవాళ్లు ముందుగదిలో కూర్చునేవారు. భార్యలు వంటింట్లో కాఫీ కాచి, కేకులు కోసేవారు. ఆ వంటింట్లోనే అసలు మాటలు మొదలయ్యాయి. మా ఆయన కూడా అంతే అని ఒకరు, పిల్లలకు ఏం చెప్పాలో తెలియదని ఇంకొకరు. బయట ఎవరికీ చెప్పుకోలేని సంగతులు స్టవ్వు పక్కన బయటపడ్డాయి. మన దగ్గర బోరింగు పంపు దగ్గర, మేడమీద బట్టలారేసే చోట ఇప్పటికీ పడుతున్నట్టే.

1939 ఏప్రిల్‌లో ఏ.ఏ. పుస్తకం అచ్చయింది. అందులో తాగేవాళ్ల భార్యలనుద్దేశించిన అధ్యాయం ఒకటుంది. ఒక భార్య రాసినట్టే ఉంటుంది. కానీ రాసింది బిల్! లోయిస్ తానే రాస్తాననుకుంది. ఆయన ఇవ్వలేదు. ఆ నొప్పి ఆమెకు చాలా ఏళ్లు ఉండిపోయింది. భార్య మనసు కూడా మొగుడే రాయాలా అని మనకూ చిరాకు వేస్తుంది. సరిగ్గా అదే నెలలో క్లింటన్ వీధి ఇల్లు అప్పుల కింద పోయింది. తర్వాత రెండేళ్లలో స్నేహితుల ఇళ్లూ, అటకలూ, అద్దె గదులూ కలిపి యాభైకి పైగా చోట్లకు మకాం మార్చారు. 1941లో బెడ్‌ఫర్డ్ హిల్స్‌లో చెట్ల మధ్య ఒక ఇల్లు దొరికింది. ముందస్తు సొమ్ము లేకుండా నెలకు 40 డాలర్ల వాయిదా. దానికి ‘స్టెప్పింగ్ స్టోన్స్’ అని పేరు పెట్టుకున్నారు. యాభయ్యో ఏట ఆమెకు సొంత గూడు!

ఆ తోట చూసుకుంటూ ఉండిపోవాలనుకుంది లోయిస్. 1950లో దేశం తిరిగి వచ్చిన బిల్, ఊరూరా తాగేవాళ్ల ఇంటివాళ్లు విడిగా కూర్చుని మాట్లాడుకుంటున్నారని, వాళ్లందరినీ కలిపే పని నువ్వే చేయాలని అన్నాడు. మొదట ఒప్పుకోలేదు. తర్వాత 1951లో, అరవై ఏళ్ల వయసులో, యాన్ అనే స్నేహితురాలితో కలిసి మేడమీది బల్ల ముందు కూర్చుంది. ఏ.ఏ. ఆఫీసుకు అంతకుముందే రాసి ఉన్న 87 చోట్లకు ఉత్తరాలు పంపారు. ఆ పనికి పెట్టిన పేరు ‘అల్-అనాన్’. ఏ.ఏ. పన్నెండు మెట్లనే తీసుకుని, చివరి మెట్టులో తాగుబోతులకు అన్న మాటను ఇతరులకు అని మార్చుకున్నారు. 1957లో కాలిఫోర్నియాలో తాగేవాళ్ల పిల్లల కోసం ‘అలటీన్’ మొదలైంది. ఇప్పుడు అల్-అనాన్ వందకు పైగా దేశాల్లో ఉంది.

ఏ.ఏ. మన దేశానికి 1957లో బొంబాయి దారిన వచ్చింది. మన హైదరాబాదులోనూ గ్రూపులు నడుస్తున్నాయి. మన ఆడవాళ్లు మద్యంతో వేరే తీరున పోరాడారు, అదీ చెప్పుకోవాలి. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవాళ్లు రోశమ్మ వంటివాళ్లు ముందుండగా సారా దుకాణాల మీదికి వెళ్లారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా ఆగింది. నాచారంలో సినిమా స్టూడియో కట్టించిన ఎన్.టి. రామారావుగారే ముఖ్యమంత్రిగా 1995 జనవరిలో సంపూర్ణ మద్యనిషేధం తెచ్చారు. 1997లో అది పోయింది. దుకాణం మూసినా, తెరిచినా ఇంట్లో తాగే మనిషి మాత్రం ఇంట్లోనే ఉన్నాడు. అక్కడ పనికొచ్చేది లోయిస్ దారి.

మరి ఉప్పల్లోనో నాచారంలోనో ఉన్న మనిషి ఆ మీటింగును ఎలా పట్టుకోవాలి? అడ్రసులు పత్రికలో వేయడం కంటే ఫోను చేసి అడగడం మేలు. గదులూ వేళలూ మారుతుంటాయి. ఏ.ఏ. వాళ్ల ఫోను నంబర్లు ఇంటర్నెట్‌లో దొరుకుతాయి. తీసేవాడు కూడా ఒకప్పుడు తాగినవాడే, కనుక సిగ్గుపడక్కర్లేదు. ఏ వారం, ఎన్నింటికి, ఏ భాషలో అని అడగండి. తెలుగులో మాట్లాడేచోటు కావాలంటే చెప్పండి. మత్తు వ్యసనాలకు ప్రభుత్వ ఉచిత నంబరు 14446, మానసిక సమస్యలకు 14416.

పేటలో ఎవరైనా చూస్తారని భయమా? చాలామంది కావాలనే దూరంగా ఉన్న మీటింగుకు వెళతారు. 2017 నుంచి ఉప్పల్లో మెట్రో ఎక్కితే తార్నాక, సికింద్రాబాదు నిమిషాల్లో వస్తాయి. కానీ దూరమైతే నాలుగు వారాల తర్వాత వెళ్లడం తగ్గిపోతుంది. మొదటిసారి దూరం, కాస్త ధైర్యం వచ్చాక దగ్గర... నాకైతే ఇదే మంచిదనిపిస్తుంది.

మీటింగంటే గంటా గంటన్నర. కుర్చీలు, టీ. పేరు ఒక్కటే చెబుతారు, ఇంటిపేరూ ఉద్యోగమూ ఎవరూ అడగరు. ఫీజు లేదు. టీకీ గది అద్దెకూ సభ్యులే తలా కొంత వేసుకుంటారు. మానాలనే కోరిక ఉంటే చాలు, చేరినట్టే. ఉపన్యాసాలుండవు, ఎవరి కథ వాళ్లు చెప్పుకుంటారు. మొదటిరోజు నోరు విప్పకుండా కూర్చున్నా ఏమీ అనరు. గది చర్చిలోదైతే మతం మారుస్తారేమోనని కొందరు అత్తగార్లు జంకుతారు. గది అద్దెకు దొరికింది కాబట్టి అక్కడ పెట్టుకున్నారు, అంతే. దేవుడి మాట వస్తుంది, ఏ దేవుడన్నది ఎవరిష్టం వారిది. ఇంటివాళ్లు వెళ్లదగ్గ మీటింగులను ఓపెన్ మీటింగులంటారు. క్లోజ్డ్ అంటే తాగేవాళ్లకే.

అల్-అనాన్ మీటింగులు ఏ.ఏ. అంత విరివిగా ఉండవు. ఏ.ఏ. వాళ్లనే అడిగితే చెబుతారు. ఆయన రానంటే ఊరుకోకండి, మీరు వెళ్లండి. ఆయన తాగుడుకు కారణం మీరు కాదని, దాన్ని అదుపు చేయడం మీ చేతిలో లేదని, నయం చేసేది కూడా మీరు కాదని అక్కడ మొదట చెప్పే మాట. అది వినగానే ఏడ్చేసేవాళ్లుంటారు.

ఒక జాగ్రత్త. ఏళ్ల తరబడి రోజూ తాగేవాడు ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు, మతి తప్పి ఏదేదో మాట్లాడవచ్చు, ప్రాణం మీదికీ రావచ్చు. ముందు డాక్టరుకు చూపించి, తర్వాత మీటింగు. లోయిస్ ఇంట్లోనూ జరిగింది ఆ వరసే కదా, ఆసుపత్రి ముందు, మనుషులు తర్వాత. ఇంట్లో కొట్టడం ఉంటే మాత్రం మీటింగు కోసం ఆగకండి. మహిళల సహాయ నంబరు 181.

బిల్ సీసా వదిలాడు గానీ రాముడైపోలేదు. మరో స్త్రీతో అతని స్నేహం గురించి జీవిత చరిత్రకారులు రాశారు. పుస్తకాల రాబడిలో పదో వంతు ఆమెకు చెందేలా రాసిపెట్టాడు కూడా. తొమ్మిది వంతులు లోయిస్‌కు. ఆమె ఎలా భరించిందో మనం ఇక్కడ కూర్చుని తీర్పు చెప్పలేం. అప్పటికి ఆమెకు తన పని ఉంది, తనవాళ్లున్నారు, రోజూ వచ్చే ఉత్తరాలున్నాయి. అతని మెట్ల చప్పుడు మీద ఆధారపడిన బతుకు కాదది.

సిగరెట్లు ఊపిరితిత్తులను తినేసి, బిల్ 1971 జనవరి 24న పోయాడు. ఆ రోజు వాళ్ల 53వ పెళ్లిరోజు. లోయిస్ ఇంకో పదిహేడేళ్లకు పైగా బతికింది. 1979లో తన కథ తానే పుస్తకంగా రాసింది, ఈసారి ఆమె బదులు ఎవరూ రాయలేదు. 1988 అక్టోబరు 5న, 97 ఏళ్ల వయసులో కన్నుమూసింది. స్టెప్పింగ్ స్టోన్స్‌ను 2012లో అమెరికా ప్రభుత్వం జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

వెర్మాంట్‌లోని ఈస్ట్ డార్సెట్‌లో ఇద్దరి సమాధులూ పక్కపక్కనే ఉన్నాయి. రాళ్ల మీద ఏ.ఏ. మాట గానీ అల్-అనాన్ మాట గానీ లేదు. చూడవచ్చినవాళ్లు మాత్రం, తాగకుండా ఇన్నాళ్లున్నందుకు మీటింగుల్లో ఇచ్చే బిళ్లలను అక్కడ వదిలి వెళుతుంటారు.